ప్లస్ త్రీ తర్వాత ట్రాంబే ట్రైనింగా, ఎం.ఎస్సీ.యా? బరంపురం నుంచి ఒక సందేహం

ప్రశ్న: బరంపురం అన్నయ్య

పెద్దలందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. మా తాతగారు సోంపేట ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నాన్నగారి తర్వాత పట్టుచీరల దుకాణం నేను చూసుకుంటున్నాను. మా చెల్లెలు ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని ఇలా అంటాం) సైన్స్‌లో ఫిజిక్స్ ఆనర్స్ చివరి సెమిస్టరు చదువుతోంది. వయసు 20 ఏళ్ళు. మార్కులు ఏ సెమిస్టరులోనూ 65 శాతానికి తగ్గలేదు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల ఒడియా మాట్లాడుతుంది, చదువుతుంది గాని, రాయడంలో ఇప్పటికీ తడబడుతుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలనే నిబంధన ఉంది కాబట్టి, మొదటినుంచీ మా చూపు కేంద్ర ప్రభుత్వ సంస్థల మీదే ఉంది.

తనకు ముంబైలోని ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రంలో (బార్క్‌లో) చేరాలని కోరిక. ఇక్కడే మా ఇంట్లో మాట కుదరడం లేదు. డిగ్రీతోనే స్టైపెండరీ ట్రైనీగా, అంటే నెలనెలా స్టైపెండు తీసుకొంటూ శిక్షణ పొందే అభ్యర్థిగా, చేరిపోతే జీతం, క్వార్టరు, వైద్యం అన్నీ సమకూరతాయని మా మేనమామ అంటున్నారు. కళాశాలలో పాఠం చెప్పే మాస్టారు మాత్రం, డిగ్రీతో వెళ్తే జీవితమంతా ఇంకొకరు చెప్పిన పని చేస్తూ కూర్చోవాలని, ఎం.ఎస్సీ. చేసి ఆఫీసరుగానే వెళ్ళాలని పట్టుబడుతున్నారు. మా అమ్మ భయం వేరు. అణుశక్తి అన్న మాట వింటేనే ఆవిడకు నిద్ర పట్టదు; పెళ్ళి కావలసిన పిల్లను రేడియేషన్ ఉన్నచోటికి, అదీ ముంబైకి, ఎలా పంపుతామంటుంది.

నాకు చదువు తక్కువ. ఈ మూడు మాటలలో దేనికి ఎంత విలువ ఇవ్వాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: పర్లాకిమిడి వాసి

బాబూ, మాది పర్లాకిమిడి. నేను బి.ఎస్సీ. అయిన వెంటనే 1979లో ట్రాంబేలో ట్రైనీగా చేరి, 2018లో పదవీ విరమణ చేశాను. కాబట్టి మీ మేనమామ మాటలో ఎంత నిజముందో, మాస్టారి మాటలో ఎంత నిజముందో రెండూ నా ఒంటిమీదనే చూసుకొన్నాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. బయటివారికి అదంతా ఒకే సంస్థ, ఒకే గేటు. లోపలికి వెళ్ళే దారులు మాత్రం వేరు వేరు, ఏ దారిన వెళ్ళారన్నది చాలాకాలం మనిషి వెంట వస్తుంది. ఐ.టి.ఐ. చేసినవారికి, ప్లస్ టూ సైన్స్ చదివినవారికి రెండో కేటగిరీ ట్రైనింగ్ ఉంటుంది. వారు టెక్నీషియన్లు అవుతారు. ఇంజనీరింగ్ డిప్లమా గాని బి.ఎస్సీ. గాని 60 శాతం మార్కులతో పూర్తి చేసినవారికి మొదటి కేటగిరీ. వీరు సైంటిఫిక్ అసిస్టెంట్లు అవుతారు. బి.టెక్., ఎం.ఎస్సీ. చేసినవారు ట్రైనింగ్ స్కూలు ద్వారా ఏడాది కోర్సు చదివి సైంటిఫిక్ ఆఫీసర్లుగా చేరతారు. ఈ స్కూలుకు పెద్ద చరిత్ర ఉంది. 1954లో ట్రాంబేలో మొదలై, హోమీ భాభా మరణం తర్వాత 1967లో ఆయన పేరు పెట్టుకొన్న ఈ సంస్థ, రియాక్టరు శాస్త్రం చెప్పే కళాశాలలు దేశంలో లేని రోజుల్లో, తనకు కావలసిన మనుషులను తానే తయారు చేసుకోవాలన్న పట్టుదలతో 1957లోనే ఆ స్కూలును తెరిచింది.

ఇక లెక్కల్లోకి వద్దాం. 2023లో వచ్చిన పెద్ద ప్రకటనలో మొత్తం 4374 పోస్టులుంటే అందులో మొదటి కేటగిరీ ట్రైనీలు 1216, రెండో కేటగిరీ ట్రైనీలు 2946. మొదటి కేటగిరీకి సాధారణ వయోపరిమితి 19 నుంచి 24 ఏళ్ళు. స్టైపెండు మొదటి ఏడాది నెలకు 24,000, రెండో ఏడాది 26,000 రూపాయలు. శిక్షణ ముగిశాక అసిస్టెంటు మూల వేతనం 35,400 నుంచి మొదలవుతుంది. అదే ఆఫీసరుగా చేరితే 56,100. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఆఫీసరు కోర్సుకు సాధారణ వయోపరిమితి 26 ఏళ్ళు.

ఈ వయసులను మీ చెల్లెలి వయసు పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు 20. ఎం.ఎస్సీ. పూర్తయ్యేసరికి 22. అప్పటికీ ట్రైనీగా చేరడానికి రెండేళ్ళు, ఆఫీసరు కోర్సుకు నాలుగేళ్ళు మిగిలి ఉంటాయి. అంటే మీ ఇంట్లో జరుగుతున్న వాదంలో సగం అనవసరం, ఎం.ఎస్సీ.లో చేరినంతమాత్రాన ట్రైనీ దారి మూసుకుపోదు. ఆ చదువు నడుస్తుండగా ప్రకటన వస్తే డిగ్రీతోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ట్రైనీల ప్రకటన ఏటా రాదు. ఒకసారి పెద్ద సంఖ్యలో తీసుకొంటే తర్వాత ఎంతో కాలం ఎదురుచూడవలసి రావచ్చు. ప్రకటన కోసం ఇంట్లో ఖాళీగా కూర్చొని రెండేళ్ళు పోగొట్టుకొన్న పిల్లలను నేను చాలామందిని చూశాను, కాబట్టి ఆ పొరపాటు మాత్రం చేయించవద్దు.

మాస్టారు చెప్పినదానిలో నిజమెంత అంటే, సగానికి కొంచెం ఎక్కువే. మా సంస్థలో ఖాళీ ఏర్పడితేనే పైమెట్టు అనే పద్ధతి లేదు; నిర్ణీత సర్వీసు పూర్తయ్యాక చేసిన పనిని అంచనా వేసి, ఇంటర్వ్యూ చేసి, యోగ్యతను బట్టి ప్రమోషన్ ఇస్తారు. నేనూ అలాగే అసిస్టెంటుగా చేరి ఆఫీసరుగా విరమించాను. కాని నా పేరు ముందు ఆఫీసరు అన్న మాట చేరేనాటికి మా పెద్దబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాడు. మీ చెల్లెలు ఎం.ఎస్సీ. చేసి వెళ్తే ఆ హోదాతోనే మొదలు పెడుతుంది. ఇంటి పరిస్థితి అనుకూలంగా ఉండి, తనకు చదవాలనే ఉంటే, రెండేళ్ళ చదువు కోసం ఇరవై ఏళ్ళ నిరీక్షణను తప్పించుకోవడమే తెలివైన పని. ఇంటికి వెంటనే జీతం అవసరమైతే మాత్రం ట్రైనీగా వెళ్ళడంలో చిన్నతనమేమీ లేదు. మా నాన్నగారు పోయిన ఏడాదే నేను చేరాను. నాకు ఎంచుకొనే వీలు లేదు, చింతా లేదు.

ముంబై దూరమని అమ్మగారు భయపడుతున్నారన్నారు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మీ బరంపురంలో ఎక్కితే ముంబైలోనే దించుతుంది. మా సిబ్బంది కాలనీ అణుశక్తినగర్‌లో తెలుగు ఇళ్ళకు కొదవ లేదు, ఉగాది పచ్చడి ఏ మెట్ల దగ్గర అడిగినా దొరుకుతుంది.

జవాబు: రాయగడ రైలుబండి

పైన పెద్దాయన చెప్పినవి విలువైన మాటలు. అయితే మన సరిహద్దు జిల్లాల తెలుగువారికి చదువు కంటే ముందు దెబ్బకొట్టేది ఇంకొకటి ఉంది, దానిని గురించి చెప్పాలని రాస్తున్నాను. రిజర్వేషన్ కింద దరఖాస్తు పెట్టేవారైతే కులధ్రువీకరణ పత్రం విషయం ఇప్పుడే, ఈ నెలలోనే, సరిచూసుకోండి.

నా సంగతి చెబుతాను. మాది మూడు తరాలుగా రాయగడే. డిప్లమా పూర్తి చేసి ఒక పెద్ద పరిశోధనాలయంలో టెక్నికల్ పోస్టుకు పరీక్ష రాశాను, ఎంపికైనవారి జాబితాలో నా నంబరు వచ్చింది. పత్రాల పరిశీలన రోజున నా దగ్గరున్నది మన రాష్ట్రం ఇచ్చే ఎస్.ఇ.బి.సి. (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) పత్రం. వారికి కావలసినది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓ.బి.సి. పత్రం. రెండూ ఒకటేనని నేను అనుకొన్నాను. కావని ఆ బల్ల ముందు నిలుచున్నాక తెలిసింది. నన్ను జనరల్ అభ్యర్థిగా లెక్కించారు, జనరల్ కటాఫ్‌కు నాకు నాలుగు మార్కులు తక్కువయ్యాయి. అంతటితో అయిపోయింది. వారిని తప్పు పట్టడానికి కూడా లేదు, ప్రకటనలో స్పష్టంగానే రాసి ఉంది, నేనే చదవలేదు.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. కేంద్ర ఓ.బి.సి. జాబితా దేశమంతటికీ ఒకటి కాదు, రాష్ట్రానికి ఒకటి చొప్పున ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు. ఉన్నా పేరు వేరే రూపంలో, వేరే అక్షరక్రమంతో ఉండవచ్చు. శ్రీకాకుళం జిల్లాలోని బంధువులకు వర్తిస్తున్నది కాబట్టి మనకూ వర్తిస్తుందని అనుకోవడానికి వీల్లేదు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైటులో రాష్ట్రాలవారీ జాబితా చూసి, అందులో ఉన్న పేరే మీ పత్రంలో ఉండేలా తహసీల్దారు కార్యాలయంలో అడిగి రాయించుకోండి. క్రీమీ లేయర్‌లో లేరన్న మాట కూడా అందులో ఉండాలి. దుకాణం ఉన్న కుటుంబం కాబట్టి ఆదాయం లెక్క అడుగుతారు. పరిమితి ఏడాదికి 8 లక్షలు. చెల్లెలి పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో ఈ పత్రంలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లను ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు జరిగే వింతలు మీకు చెప్పనక్కరలేదు.

నివాస నిబంధన విషయంలో మాత్రం మీకు ఇబ్బంది లేదు. ఈ కేంద్ర సంస్థల నియామకాలు దేశవ్యాప్తమైనవి. ఏ రాష్ట్రంవారని అడగరు, ఒడియా వచ్చా అనీ అడగరు.

జవాబు: గుణుపురం ఆడపడుచు

అన్నయ్యగారికి నమస్కారం. నేను హైదరాబాదులో ఒక రక్షణ పరిశోధన ప్రయోగశాలలో టెక్నికల్ కేడర్‌లో పనిచేస్తున్నాను. చర్చ అంతా ట్రాంబే చుట్టూనే తిరుగుతోంది కాబట్టి, ముంబై దూరమని భయపడుతున్న అమ్మగారి కోసం దగ్గరలో ఉన్నవి కూడా చెబుతాను.

బరంపురం నుంచి దక్షిణానికి రైలెక్కితే నాలుగైదు గంటల్లో విశాఖపట్నం చేరుతారు. అక్కడ నౌకాదళానికి కావలసిన టార్పెడోల వంటి నీటి అడుగు ఆయుధాల మీద పరిశోధన చేసే ఎన్.ఎస్.టి.ఎల్. 1969 నుంచి ఉంది. అచ్యుతాపురం దగ్గర బార్క్‌కే మరో ప్రాంగణం ఉంది. హైదరాబాదులో డి.ఆర్.డి.ఎల్., ఆర్.సి.ఐ., డి.ఎం.ఆర్.ఎల్. వంటి రక్షణ ప్రయోగశాలలు, అణు ఇంధన సముదాయం, శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) కింద రసాయనాల మీద పనిచేసే ఐ.ఐ.సి.టి., భూభౌతిక శాస్త్రం మీద పనిచేసే ఎన్.జి.ఆర్.ఐ., జీవకణాల మీద పనిచేసే సి.సి.ఎం.బి. ఉన్నాయి. ఉత్తరానికి వెళ్తే భువనేశ్వర్‌లో ఖనిజాల మీద, పదార్థాల మీద పనిచేసే ఐ.ఎం.ఎం.టి., బాలేశ్వర్ దగ్గర చాందీపూర్ క్షిపణి పరీక్షా కేంద్రం ఉన్నాయి.

మా రక్షణ పరిశోధన సంస్థలో (డి.ఆర్.డి.ఓ.లో) సైంటిస్టులను తీసుకొనే విభాగం వేరు, మా వంటి టెక్నికల్ సిబ్బందిని తీసుకొనే విభాగం వేరు. సెప్టామ్ అనే ఈ రెండో విభాగం 2022లో ఇచ్చిన ప్రకటనలో డిప్లమా, బి.ఎస్సీ. వారికి ఉద్దేశించిన సీనియర్ టెక్నికల్ అసిస్టెంటు పోస్టులు 1075, ఐ.టి.ఐ. వారి టెక్నీషియన్ పోస్టులు 826 ఉన్నాయి. అసిస్టెంటు పోస్టుకు రెండు దశల కంప్యూటరు పరీక్ష మాత్రమే, ఇంటర్వ్యూ లేదు. తెలుగు మాధ్యమంలో చదివి, ఎదుటివారి ముందు ఇంగ్లీషులో నోరు తెరవడానికి జంకే మన పిల్లలకు ఇది మేలైన విషయమని నా అభిప్రాయం. నేను చేరగలిగింది కూడా అందువల్లే. ఇస్రోలో బి.ఎస్సీ. ఫస్ట్ క్లాసు వారికి సైంటిఫిక్ అసిస్టెంటు పోస్టులుంటాయి, అక్కడ మూల వేతనం 44,900 నుంచి మొదలవుతుంది. శ్రీహరికోట, తిరువనంతపురం కేంద్రాలు వేటికవే విడిగా ప్రకటనలు ఇస్తాయి కాబట్టి ఒక్కచోట చూసి ఊరుకోకూడదు.

పెద్దాయన లెక్కకు ఒక చిన్న సవరణ. ఎం.ఎస్సీ.లో చేరినా డిగ్రీ పోస్టుల దారి మూసుకుపోదన్నది అన్నిచోట్లా నిజం కాదు. కొన్ని టెక్నికల్ పోస్టుల ప్రకటనలలో, అడిగినదానికంటే పై చదువు ఉన్నవారిని పరిగణించబోమనే షరతు కనిపిస్తుంది. ప్రతి ప్రకటనలోనూ ఆ పేరా వెతికి చదవాలి. పై చదువు సంగతి దాచిపెట్టి దరఖాస్తు చేసే ఆలోచన మాత్రం వద్దు. చేరేముందు పోలీసు విచారణ మీ వీధి దాకా వస్తుంది.

అలాగే బి.ఎస్సీ. అంటే ఏ బి.ఎస్సీ. అయినా సరిపోదు. ఫిజిక్స్ ప్రధానంగా ఉండి, దానితో పాటు ఏయే ఉప విషయాలు చదివి ఉండాలో కూడా రాస్తారు. మీ విశ్వవిద్యాలయం గ్రేడు పాయింట్లు ఇస్తుంటే వాటిని శాతంగా మార్చే సూత్రం ఉన్న కాగితం ఒకటి ముందుగా తీసుకొని ఉంచుకోండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆ కాగితం కోసం రెండు రాత్రులు రైల్లో తిరిగింది.

జవాబు: ఛత్రపురం ఇసుక

అమ్మగారి రేడియేషన్ భయం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మాట్లాడతాను, ఎందుకంటే మా ఊరు ఛత్రపురం. మా సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ అనే ఖనిజాలతో పాటు మోనజైట్ ఉంటుంది. ఆ మోనజైట్‌లో రేడియేషన్ వెలువరించే థోరియం ఉంటుంది. అణుశక్తి శాఖ కిందనే ఉన్న ఐ.ఆర్.ఇ.ఎల్. కర్మాగారం ఇక్కడ ఆ ఇసుకను వేరుచేస్తుంది. కాబట్టి రేడియేషన్ అనేది ముంబైలోనే ఉన్నదని, ఇక్కడ లేదని అనుకోవడం సరికాదని అమ్మగారికి చెప్పండి. భూమిలోంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టుల (ఒంటికి చేరే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఎలాగూ చేరుతూనే ఉంటుంది.

రేడియేషన్‌తో పనిచేసేవారికి మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి వరుసగా అయిదేళ్ళకు కలిపి 100 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ప్రతి ఒక్కరికీ ఛాతీ మీద పెట్టుకొనే, రేడియేషన్‌ను నమోదు చేసే టి.ఎల్.డి. బ్యాడ్జి ఇస్తారు, దానిని నిర్ణీత కాలానికి వెనక్కి తీసుకొని ఎంత చేరిందో కొలిచి, ఆ మనిషి పేరు మీద నమోదు చేస్తారు. గర్భం దాల్చిన సంగతి తెలియజేసిన స్త్రీ ఉద్యోగి విషయంలో, మిగిలిన నెలలన్నిటిలో కలిపి గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చాలనే నియమం ఉంది. అసలు పరిశోధనాలయంలో చాలా గదులలో రేడియేషన్ పనే ఉండదు. లేజర్లు, కంప్యూటర్లు, పంటల విత్తనాలు, లోహాలు, ఎలక్ట్రానిక్స్ ఇవన్నీ అక్కడ ఉన్నాయి. ట్రాంబేలో పుట్టిన వేరుశనగ రకాలు మన రైతులు వేస్తున్నారని ఎంతమందికి తెలుసు?

మళ్ళీ ప్రశ్న: బరంపురం అన్నయ్య

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. ఇసుక సంగతి విని ఆవిడ భయం తగ్గలేదు, పైగా ఇక గోపాల్‌పూర్ బీచికి కూడా వెళ్ళవద్దంటోంది. సరే, అది నెమ్మదిగా చెప్పుకొంటాం. ఇప్పుడు మా చెల్లెలే స్వయంగా ఒక మాట అడుగుతానంటోంది. కింద రాసేది తనే.

అయ్యా, నమస్కారం. అన్నయ్య అడిగినవన్నీ జీతం, హోదా, దూరం గురించి. నా సందేహం వేరు. అసిస్టెంటుగా గాని ఆఫీసరుగా గాని చేరినవారు ఉదయం లోపలికి వెళ్ళి సాయంత్రం వచ్చేవరకు ఏమి పని చేస్తారు? మా కళాశాలలో ప్రాక్టికల్స్ అంటే పాత రికార్డు చూసి రీడింగులు రాసుకోవడమే తరచుగా జరుగుతుంది. అక్కడి పని నాకు నచ్చుతుందా లేదా అన్నది తెలియకుండా రెండు దారుల్లో ఏది మంచిదో నేను నిర్ణయించుకోలేకపోతున్నాను.

జవాబు: పర్లాకిమిడి వాసి

అమ్మా, మొట్టమొదట అడగవలసిన ప్రశ్న చివరికి నువ్వు అడిగావు.

ఆఫీసరు పని ఎక్కువగా ప్రశ్నతో మొదలవుతుంది. ఏమి కొలవాలి, దేనితో కొలవాలి, వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చా, పరికరం మార్చాలంటే దాని రూపకల్పన ఎలా ఉండాలి, దానికి డబ్బు ఎంత, ఎవరిని ఒప్పించాలి అన్నవి ఆయన మీద ఉంటాయి. అసిస్టెంటు పని ఆ ప్రశ్నను యంత్రం దగ్గరికి తీసుకువెళ్ళడం. కాగితం మీద ఇద్దరి మధ్యా గీత స్పష్టంగా ఉంటుంది. గది లోపల అంత స్పష్టంగా ఉండదు. మంచి ఆఫీసరు అసిస్టెంటు చెవిని నమ్ముతాడు. పంపు శబ్దం ఈరోజు తేడాగా ఉందని నేను అన్న మాట మీద, రెండు వారాలుగా సిద్ధం చేసుకొన్న ప్రయోగాన్ని ఆపిన ఆఫీసరు దగ్గర నేను పనిచేశాను. ఆ మాట చెవిన పెట్టని ఆఫీసరు దగ్గరా పనిచేశాను. ఆ రెండేళ్ళ గురించి రాయను.

నా మొదటి పదేళ్ళూ శూన్యంతో గడిచాయి. గాలి తీసేసిన గొట్టాలలో, గదులలో ప్రయోగాలు జరుగుతాయి; ఎక్కడో ఒక అతుకు దగ్గర కంటికి కనబడనంత సందు ఉంటే గాలి లోపలికి దూరుతుంది. దానిని పట్టుకోవడానికి హీలియం వాడతాం. పరికరం లోపలివైపు హీలియంను పసిగట్టే యంత్రాన్ని తగిలించి, బయట ఒక్కొక్క అతుకు మీద సన్నగా హీలియం వదులుతూ, సూచిక ఎప్పుడు లేస్తుందా అని చూస్తాం. నేను చేరిన కొత్తలో కింది నుంచి మొదలుపెట్టి, ఒక్క లీకు కోసం రోజంతా తప్పు అతుకులు విప్పాను. హీలియం గాలికంటే తేలిక, పైకి పోతుంది. కింద వదిలినది పైనున్న లీకులోంచి దూరి, కింది అతుకే చెడిపోయినట్టు చూపిస్తుంది. పైనుంచి కిందికి రావాలి. సాయంత్రం అయిదింటికి ఒక టెక్నీషియన్ వచ్చి, నవ్వకుండా, ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. ఆయన చదువు ఐ.టి.ఐ.

తర్వాత రేడియేషన్ కొలిచే డిటెక్టర్ల విభాగానికి మారాను. అక్కడ రోజు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. సోర్సు (రేడియేషన్ వెలువరించే పదార్థం) పెట్టకముందు బ్యాక్‌గ్రౌండ్, అంటే చుట్టూ ఎప్పుడూ ఉండే రేడియేషన్, ఎంతుందో లెక్కపెట్టాలి, తర్వాత విలువ తెలిసిన ప్రామాణిక సోర్సు పెట్టి లెక్కపెట్టాలి, ఆ అంకెను నిన్నటి, మొన్నటి అంకెల పక్కన గ్రాఫు మీద గుర్తించాలి. ఈనాటి చుక్క హద్దుల బయట పడితే ఆ పూట ఇక వేరే పని లేదు, కారణం దొరికేదాకా. లాగ్‌బుక్కులో పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి, దిద్దకూడదు, చెరపకూడదు. ఇది విసుగు పుట్టించే పనే. ఆ విసుగులో ఒకనాడు చుక్క పక్కకు జరిగినప్పుడు నీకు చిరాకు వస్తుందా, కుతూహలం పుడుతుందా అన్నది నువ్వే చూసుకోవాలి. కుతూహలం పుట్టేవారికి అసిస్టెంటు పనైనా, ఆఫీసరు పనైనా సరిపోతుంది.

రియాక్టరు వైపు వెళ్తే షిఫ్టు పని ఉంటుంది. 1985లో మొదలైన 100 మెగావాట్ల ధ్రువ రియాక్టరు వంటివి ఆఫీసు వేళలు చూసుకొని నడవవు. ఆసుపత్రులకు వెళ్ళే ఐసోటోపులు కూడా అందులోనే తయారవుతాయి. పండుగ పూట రాత్రి డ్యూటీ పడవచ్చు.

ఆఫీసరు కోర్సు ఇంటర్వ్యూ గురించి ఒక మాట. గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరైనా, వారు పెట్టే ఆన్‌లైన్ పరీక్షైనా అక్కడిదాకా తీసుకువెళ్ళడానికే; చివరి ఎంపిక ఇంటర్వ్యూతోనే జరుగుతుంది. నీకు ఇష్టమైన అంశాలు ఏవని వారే అడుగుతారు, నువ్వు చెప్పినదానిలోనే మొదలుపెట్టి అడుగంటేదాకా వెళ్తారు. పెద్ద పేర్లు చెప్పి ఇరుక్కొనేకంటే, చిన్న అంశాన్ని వేళ్ళతో సహా తెలుసుకొని వెళ్ళడం మేలు. రికార్డు చూసి రీడింగులు రాసుకొన్నవారు అక్కడ నాలుగో ప్రశ్నకే దొరికిపోతారు. ఎంపికైతే, కోర్సు తర్వాత కనీసం మూడేళ్ళు పనిచేస్తానని ఒప్పందం రాయవలసి ఉంటుంది, అది కూడా ఇంట్లో చెప్పి ఉంచు.

మీ ప్లస్ త్రీ ప్రాక్టికల్స్‌లో రేడియేషన్‌ను లెక్కపెట్టే జి.ఎం. కౌంటరు ఉండాలి. ఒక ప్రశ్న వేస్తాను. సోర్సు పెట్టి ఒక నిమిషం లెక్కపెడితే 400 వచ్చింది, సోర్సు తీసేసి ఒక నిమిషం లెక్కపెడితే 100 వచ్చింది. సోర్సు వల్ల వచ్చినది ఎంత, అందులో ఎంత అటూ ఇటూ ఉండవచ్చు?

మళ్ళీ: బరంపురం అన్నయ్య ఖాతా నుంచి చెల్లెలు

అయ్యా, కౌంటరు ఉంది గాని మా బ్యాచ్‌కు పనిచేయలేదు, అందువల్ల పుస్తకం చూసి చేశాను. సోర్సు వల్ల వచ్చినది 300. లెక్కకు దాని వర్గమూలమంత, అంటే 400 లెక్కలో 20, 100 లెక్కలో 10 అటూ ఇటూ ఉంటుంది. వాటిని ఊరికే కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. 500 వర్గమూలం, అంటే 22 కంటే కొంచెం ఎక్కువ.

ఎం.ఎస్సీ.కి ఐ.ఐ.టి.ల ప్రవేశ పరీక్ష జామ్ రాయాలని, మా బరంపురం విశ్వవిద్యాలయం ఉన్న భంజ విహార్‌లో కూడా దరఖాస్తు పెట్టాలని, ఈలోగా ట్రైనీ ప్రకటన వస్తే అదీ వదలకూడదని ఇంట్లో అనుకొన్నాం. సోమవారం అన్నయ్య పత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్తున్నాడు. కేంద్ర జాబితాలో మా కులం పేరు చివర ఒక అక్షరం తేడాగా ఉంది.

జవాబు: పర్లాకిమిడి వాసి

లెక్క సరిగానే ఉంది. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్‌ను ఒక నిమిషం కాక పది నిమిషాలు లెక్కపెట్టావనుకో, 1000 వచ్చింది. సోర్సు లెక్క అదే ఒక నిమిషం, అదే 400. ఇప్పుడెంత? ఆ శ్రమ పడినందుకు ఏమైనా దక్కిందా?

మళ్ళీ: బరంపురం అన్నయ్య ఖాతా నుంచి చెల్లెలు

1000 వర్గమూలం సుమారు 32, పది నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 3.2 చొప్పున. 400కు 10 కలిపి 410 వర్గమూలం, 20 కంటే కాస్త పైన. 22 నుంచి 20కి వచ్చింది, అంతే. బ్యాక్‌గ్రౌండ్‌ను గంటసేపు లెక్కపెట్టినా 20 కిందికి దిగదు. ఇక మిగిలిన సమయం సోర్సును లెక్కపెట్టడానికే వాడుకోవాలి.